భర్త సహిత ఒంటరి మహిళ

ఉత్తర్వులు రాయడంలో మా శాఖలో నన్ను మించినవాడు లేడని చాలాకాలం నా నమ్మకం. తోటి అధికారులు కూడా అదే మాట అనేవారు. వాళ్ల గొంతులో ఉన్నది మెచ్చుకోలు కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. నేను ఒక వాక్యం మొదలుపెడితే పేజీ తిరిగేదాకా క్రియ రాదు. కింది ఆఫీసుల్లో నా ఉత్తర్వును ఒకరు పైకి చదివితే మరొకరు అర్థం చెప్పేవారట. దాన్ని నేను పాండిత్యానికి జరిగే గౌరవం అనుకున్నాను.

నా పేరు సన్యాసిరావు. మహిళా సంక్షేమ శాఖలో జిల్లా అధికారిని. సంసారాలు చక్కదిద్దమని సన్యాసి చేతిలో పెట్టారని మా ఆఫీసులో ఒక పాత జోకు ఉంది. అది విన్నప్పుడల్లా అందరితో పాటు నేనూ నవ్వుతాను, అందరికంటే కాస్త ఎక్కువసేపు.

మాది సముద్రం దగ్గరి పట్నం. చుట్టూ జీడితోటలు, ఊరి నిండా జీడిపిక్కలు కొట్టే షెడ్లు. ఆ షెడ్లలో పనిచేసేది దాదాపు అందరూ ఆడవాళ్లే. వాళ్లలో నూకరత్నం ఒకతె. ఒక సోమవారం అర్జీలు తీసుకునే వేళ ఆమెను మా రక్షణాధికారి మేరీ సుజాత వెంటబెట్టుకొచ్చింది. రక్షణాధికారి అంటే ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ల తరఫున తిరగాల్సిన ఉద్యోగి. సుజాత నిజంగానే తిరుగుతుంది. అందుకే ఆమె చెప్పులూ, మాటా రెండూ కాస్త అరిగి ఉంటాయి.

నూకరత్నం ఎడమచేతిని పాత తువ్వాలుతో మెడకు కట్టుకుని ఉంది. భర్త అప్పలకొండ సరుకుల ఆటో నడుపుతాడు. తాగితే కొడతాడు, తాగకపోతే తాగడానికి డబ్బుల్లేవని కొడతాడు. పోలీసుల దగ్గరికి వెళ్లడం అయింది. అక్కడ అతను ఏడ్చాడట, వాళ్లు ఇద్దరికీ బుద్ధులు చెప్పి పంపారట. ఇక కేసులూ రాజీలూ తనకొద్దని ఆమె చెప్పింది. షెడ్డు దగ్గర ఒక గది చూసుకుంది. కూతురు ఝాన్సీని తీసుకుని అక్కడికి వెళ్లిపోతే చాలు. అడ్డం పడుతున్నది రేషన్ కార్డు.

కార్డు అప్పలకొండ పేరు మీద ఉంది. బియ్యం, ఆస్పత్రి, పిల్ల హాస్టలు సీటు, అన్నీ దానికే కట్టి ఉన్నాయి. పైగా జీడినూనె ఏళ్ల తరబడి నూకరత్నం వేళ్ల గీతలు తినేసింది. రేషన్ షాపులో మిషను ఆమె వేలు తీసుకోదు, భర్త వేలే కావాలి. కాబట్టి ఆమెకూ ఝాన్సీకీ వేరే కార్డు ఇప్పించాలి. అడిగింది అంతే.

నేను కంప్యూటర్ తెరిచాను. కార్డు విడదీయడానికి కారణం అడిగింది. భర్త మరణం ఉంది, విడాకులు ఉన్నాయి, పిల్లల పెళ్లి ఉంది, భర్త వదిలివెళ్లడం ఉంది. ఈ చివరిదానికి ఒంటరి మహిళ పింఛను కూడా వస్తుంది. నాకు ఉత్సాహం వచ్చింది.

"మీ ఆయన నిన్ను వదిలేశాడామ్మా?" అని అడిగాను.

"నేదు బాబూ. ఒగ్గట్నేదు. అదే గదా నా బాధ," అంది నూకరత్నం.

నిబంధనలు ఓపిగ్గా వివరించాను. భర్త చనిపోతే ప్రభుత్వం నీకు అండగా ఉంటుంది. వదిలేసి వెళ్లినా అండగా ఉంటుంది. నువ్వే వదిలి వెళ్తానంటే మాత్రం ఆ గడి లేదు. అంతటితో ఆగితే బాగుండేది. నిన్ను వదిలేయమని అతనికే ఒకసారి నచ్చజెప్పి చూడకూడదా అని సలహా కూడా ఇచ్చాను. సుజాత పైకి, ఫ్యాను వైపు చూసింది. ఆ చూపు నాకు అలవాటే. ఉక్కగా ఉన్నట్టుందని ఫ్యాను వేగం పెంచాను.

ఆ వారమే రాజధాని నుంచి మా సంచాలకులు వేదమూర్తి గారు వీడియోలో అన్ని జిల్లాల వాళ్లతో మాట్లాడారు. సామాజిక భద్రతా వ్యవస్థల ద్వారా గృహహింసను ఎదుర్కోవాలని పైనుంచి కొత్త ఆలోచన దిగిందట. పింఛను కేవలం సాయం కాదని, కవచమని, కార్డు కేవలం కార్డు కాదని, డాలు అని ఆయన సెలవిచ్చారు. క్షేత్రస్థాయిలో సమగ్రంగా, సమన్వయంతో, సంతృప్త స్థాయిలో ఈ కవచాలను తొడగాలన్నారు. ఎవరికైనా వినూత్నమైన ఆలోచన ఉంటే చెప్పమన్నారు.

నూకరత్నం మాట నన్ను వారమంతా వెంటాడిందనడం అబద్ధం కాదు. నేను చెయ్యెత్తాను. భర్త ఉన్నాడు, అయినా ఆమెకు దిక్కులేదు. అలాంటివాళ్ల కోసం కొత్త వర్గం ఒకటి పెట్టాలన్నాను. పేరు కూడా అప్పటికప్పుడే తట్టింది.

"భర్త సహిత ఒంటరి మహిళ."

తెర మీద వేదమూర్తి గారు ఆ మాటను నోట్లో వేసుకుని కాసేపు చప్పరించారు. "సన్యాసిరావు గారూ, దీనిలో ఒక గాంభీర్యం ఉందండీ," అన్నారు. మా శాఖలో అంతకుమించిన పొగడ్త లేదు.

ఇంటికి వచ్చి మా ఆవిడ విశాలాక్షికి చెప్పాను. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పేరు ఒకసారి మళ్లీ చెప్పమని, విని, కాస్త ఆలోచించి, దరఖాస్తు ఎక్కడ పెట్టుకోవాలని అడిగింది. నా జీతం దృష్ట్యా ఆదాయ పరిమితి అడ్డం వస్తుందని చెప్పాను. ఆమె మళ్లీ చిక్కుడుకాయల వైపు తిరిగింది. నా భార్య కూడా నా పథకం మీద ఆసక్తి చూపిందని మర్నాడు ఆఫీసులో చెప్పుకున్నాను.

ఉత్తర్వు రాసే పని నాకే అప్పగించారు. అసలు చిక్కులు అక్కడ మొదలయ్యాయి. ఆర్థిక శాఖ వాళ్లు ఆ పేరు చూసి బెదిరిపోయారు. ఈ లెక్కన రాష్ట్రంలో పెళ్లయిన ప్రతి ఆడదీ అర్హురాలే అవుతుందని రాశారు. అందువల్ల షరతులు పెట్టాలన్నారు. భర్త ఉన్నాడని ఒక ధ్రువపత్రం, ఉన్నా లేనట్టేనని మరో ధ్రువపత్రం పెట్టాను. కొట్టేవాడు అన్న మాట న్యాయశాఖ ఒప్పుకోలేదు. కోర్టు తేల్చకుండా ఎవరినీ అలా అనకూడదట. ఆలోచించి భాగస్వామ్య పక్షము అని పెట్టాను. దెబ్బలు అన్నచోట గృహాంతర అసౌమనస్యము అని రాశాను.

చిత్తుప్రతి చదివి సుజాత, ఇందులో కొట్టడమన్న సంగతి ఎక్కడుందని అడిగింది. వేలు పెట్టి చూపించాను. ఆమె ఆ మాటను రెండుమూడుసార్లు పలకడానికి ప్రయత్నించి మానేసింది.

మూడో పేరా మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. అందులో ఇలా ఉంది: "సదరు లబ్ధిదారుతో సహితుడై యుండు భాగస్వామ్య పక్షము తన సహితత్వమును ప్రతి మాసము జిల్లా అధికారి సమక్షమున స్వయముగా హాజరై ధ్రువీకరింపవలసినదిగాను, అట్టి ధ్రువీకరణకు పూర్వము ప్రస్తుత ఉత్తర్వు పూర్తి పాఠమును నిలుచుండి ఆలకింపవలసినదిగాను..." ఇంకా చాలా ఉంది. నిలబడి వినాలన్న షరతు ఎవరూ అడగలేదు. నా వాక్యాలు ఎవరో ఒకరు చివరిదాకా వినాలని నాకే ఒక ఆశ.

పథకం మా జిల్లాలోనే ప్రారంభమైంది. తొలి లబ్ధిదారు నూకరత్నం. ఉత్తర్వు ప్రకారం సహిత కాబట్టి అప్పలకొండ కూడా వేదిక మీద ఉండాలి. కొత్త చొక్కా వేసుకొచ్చాడు. పక్కన నిలబెట్టి ఉత్త చేతులతో పంపడం మర్యాద కాదని వేదమూర్తి గారు అతనికి శాలువా కప్పించారు. రెండు ముక్కలు మాట్లాడమని మైకు ఇచ్చారు.

"మా ఆడదానికి ఈ పింఛను రావడానికి నా వంతు నానూ సేసినాను," అన్నాడు అప్పలకొండ.

జనం నవ్వారు. వేదమూర్తి గారు సరిగా వినలేదు, చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టారని నేనూ కొట్టాను. నూకరత్నం తన కాళ్ల వైపు చూస్తూ నిలబడింది. ఫొటో తీసేవాడు ఆమె చేతికట్టు పడకుండా కాస్త పక్కకు తిరగమన్నాడు. తిరిగినా అది కనిపిస్తూనే ఉంది. అప్పుడు నేనే ముందుకు వెళ్లి, నాకిచ్చిన పూలగుత్తిని ఆ చేతిమీద ఆనించి పెట్టాను. ఫొటో చాలా బాగా వచ్చింది. మా ఆఫీసు మెట్ల దగ్గర ఇప్పటికీ ఉంది.

మొదటి పింఛను అందగానే నూకరత్నం ఏ మనిషైనా చేసే పనే చేసింది. కార్డు ఇంకా భర్త పేరు మీదే ఉన్నా, గదికి అడ్వాన్సు కట్టి, ఝాన్సీని తీసుకుని వెళ్లిపోయింది. పథకం పనిచేసిందని నేను మురిసిపోయాను. తర్వాతి నెల పింఛను ఆగిపోయింది.

కంప్యూటర్లు చూసే కుర్రాడికి ఫోన్ చేశాను. లబ్ధిదారు చిరునామా, భర్త చిరునామా ఒకటి కావట్లేదని, అందుకే మిషను ఆపేసిందని చెప్పాడు. ఒకటి ఎందుకు కావాలని అడిగాను. సహిత అంటే భర్తతో కూడి ఉన్నదని మీరే రాశారు కదా సార్, అన్నాడు వినయంగా. వాడు సంస్కృతం చదువుకున్నవాడు కాదు. అయినా వాడి అర్థంలో తప్పు లేదు.

ఇల్లు వదలడానికి ఇచ్చిన పింఛను, ఇల్లు వదిలితే రాదు. ఇంట్లో ఉండి దెబ్బలు తింటుంటే మాత్రం నెలనెలా వస్తుంది. దెబ్బలు ఆగిపోతే అసౌమనస్యం తీరినట్టు కాబట్టి మళ్లీ ఆగుతుంది. ఇదంతా ఒక్క మాటతో సాధించానని అర్థమైంది. సంచాలకులకు వివరంగా రాశాను. జవాబు తొందరగానే వచ్చింది. లబ్ధిదారు భాగస్వామ్య పక్షము నివాసమునకు తిరిగి చేరినచో అర్హత పునరుద్ధరింపబడునని, ఆ దిశగా ఆమెకు అవగాహన కల్పించాలని, అవసరమైతే ఆఫీసు జీపులో దిగబెట్టి రావాలని ఉంది. వాక్య నిర్మాణం చూస్తే ఆయన నా శైలిని అనుకరించారని తెలుస్తూనే ఉంది.

సుజాతతో కలిసి షెడ్డుకి వెళ్లాను. దారిలో ఆమె ఒక సంగతి చెప్పింది. మొన్న అప్పలకొండ తాగి షెడ్డు లోపలికి వచ్చాడట. నూకరత్నం పక్కన పనిచేసే ఆడవాళ్లందరూ లేచి నిలబడ్డారట. చేతుల్లో జీడిపిక్కలు చీల్చే కత్తులున్నాయి. అతను వచ్చిన దారినే వెళ్లాడట. ఆ ఆడవాళ్లకు ఏ ఉత్తర్వు ప్రకారం ఆ అధికారం ఉందని నేను అడగలేదు. అడగాలనిపించింది గానీ ఆపుకున్నాను.

నూకరత్నం బయటికి వచ్చింది. కట్టు తీసేసింది, చేయి కాస్త వంకరగానే అతుక్కుంది. వేళ్లు నల్లగా ఉన్నాయి. నేను గొంతు సవరించుకుని సంచాలకుల జవాబు సారాంశం చెప్పాను. జీపు సంగతి చెప్పలేదు.

"ఇంటికెల్తే డబ్బులొత్తాయి, నేకపోతే నేదు. అంతేనా బాబూ?" అని అడిగింది.

"ఉత్తర్వు ప్రకారం అంతే."

"రాసిందెవులు?"

"నేనే."

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు.

"ఇన్నేళ్లు దెబ్బలు తిన్నాను. తిన్నందుకు అతగాడు ఎప్పుడూ రూపాయి ఇయ్యనేదు. మీరు ఇత్తామంతన్నారు. మీరే నయం," అని లోపలికి వెళ్లిపోయింది.

అలవాటుకొద్దీ ఆ మాటలో మెచ్చుకోలు ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. దొరకలేదు. జీపు ఎక్కాక సుజాత తల పైకెత్తింది. ఈసారి పైన చూడటానికి ఫ్యాను కూడా లేదు.

ఎక్కడికి వెళ్లాలని డ్రైవరు అడిగితే అప్పలకొండ ఇంటికి పొమ్మన్నాను. ఎందుకన్నానో అప్పటికి నాకే తెలియదు. విడాకులకు ఒప్పించొచ్చనుకున్నాను కాబోలు. సుజాత దారిలో స్టేషను దగ్గర ఆపించి ఒక కానిస్టేబుల్ని ఎక్కించుకుంది. నాకు ఆ ఆలోచన రాలేదు. నా దగ్గర ఉత్తర్వు ప్రతి ఉంది కదా అనుకున్నాను.

అప్పలకొండ ఇంటిముందు ఆటో కడుగుతున్నాడు. శాలువా ఆటో సీటు మీద పరిచి ఉంది. నన్ను చూసి గుర్తుపట్టి, తలకు చుట్టిన తువ్వాలు తీశాడు. నేను సూటిగా విషయంలోకి వెళ్లలేక ఉత్తర్వు తీసి చదవడం మొదలుపెట్టాను. దానిలోని ఉదాత్తత అతని మనసు కరిగిస్తుందని నిజంగానే నమ్మాను.

మొదటి పేరా చేతులు కట్టుకుని విన్నాడు. రెండో పేరాలో ఆటోకి ఆనుకున్నాడు. నిలబడి ఆలకించాలని నిబంధన ఉందని చెబితే మళ్లీ నిటారుగా నిలబడ్డాడు. మూడో పేరా సగంలో నన్ను ఆపి, ఇదంతా ఏటని అడిగాడు. ప్రతి నెలా నా ఆఫీసుకి వచ్చి, ఇదే కాగితం నేను మొదటినుంచి చివరిదాకా చదువుతుంటే నిలబడి వినాలని చెప్పాను.

"ఎన్నాళ్లు?" అన్నాడు.

"మీ కార్డులో ఆమె పేరు ఉన్నన్నాళ్లు."

చదవడం కొనసాగించాను. భాగస్వామ్య పక్షము అనే మాట మూడోసారి వచ్చేసరికి అతని మొహం మారిపోయింది. బకెట్టు తన్నాడు. ఆ ఆడదానికీ తనకూ సంబంధం లేదని, తనను కాగితాలతో చంపడానికి వచ్చామని, దాని పేరూ పిల్ల పేరూ కార్డులోంచి ఇప్పుడే పీకించేస్తే అది తిండిలేక చస్తుందని, అప్పుడు మా పథకం ఏమవుతుందో చూస్తానని కేకలు పెట్టి ఆటో ఎక్కాడు. మేం జీపులో వెనకాలే వెళ్లాం. సగం పేరా మిగిలిపోయిందన్న బాధ నాకు లోలోపల ఉంది.

అతను నేరుగా వార్డు ఆఫీసుకి వెళ్లి ఇద్దరి పేర్లూ తీసేయమన్నాడు. కుటుంబ పెద్దకు ఆ సౌకర్యం ఉంది. కారణం ఏ గడిలోనూ రాయక్కర్లేదు, వేలు పెడితే చాలు. వేలు పెట్టాడు. మా వైపు చూసి, అయిపోయిందన్నట్టు చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

అయిపోయిందనే నేనూ అనుకున్నాను. బియ్యం పోయింది, ఆస్పత్రి పోయింది. నావల్ల ఆమెకు ఉన్నది కూడా పోయిందని అక్కడి బెంచీమీద కూలబడ్డాను. సుజాత మాత్రం కౌంటర్ దగ్గరికి వెళ్లి అక్కడి అమ్మాయిని ఒకే ప్రశ్న అడిగింది. ఏ కార్డులోనూ పేరు లేనివాళ్లు కొత్త కార్డుకి పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు, ఎవరైనా పెట్టుకోవచ్చు, అంది ఆ అమ్మాయి.

ఆ మధ్యాహ్నమే నూకరత్నాన్నీ ఝాన్సీనీ సుజాత తీసుకొచ్చింది. మిషను తల్లి వేలు తీసుకోలేదు, పిల్ల వేలు తీసుకుంది. కొత్త కార్డు కొన్నాళ్లలో వచ్చింది. కుటుంబ పెద్ద: నూకరత్నం. కార్డు చేతికిచ్చినప్పుడు ఆమె ఆ వరుసను ఝాన్సీ చేత చదివించుకుంది. పిల్ల చదివాక మళ్లీ చదవమంది. నాకు దండం పెట్టబోతే వద్దని సుజాతను చూపించాను. నేను చేసిన మంచిపని ఆ ఒక్కటే అనుకుంటాను.

పింఛను మాత్రం మళ్లీ రాలేదు. భర్త కార్డులో లేనిది భర్త సహిత ఎలా అవుతుంది? అయితేనేం, సంచాలకులకు సంగతి తెలిసి చాలా సంతోషించారు. పథకం ప్రభావంతో ఒక లబ్ధిదారు పథకం అవసరమే లేని స్థితికి చేరిందని రాజధానిలో ప్రకటించి నాకు జ్ఞాపిక ఇచ్చారు. వెళ్లి తీసుకున్నాను. తీసుకోకుండా వచ్చేంత గొప్పవాణ్ణి కాదు.

అదే ఊపులో ఒక చిన్న ప్రతిపాదన పెట్టాను. కార్డులోంచి భార్య పేరు తీసే సౌకర్యం భర్తకు ఉన్నట్టే, తన పేరు తాను తీసుకునే సౌకర్యం భార్యకు కూడా ఇవ్వాలని ఒకే ఒక్క వాక్యం రాశాను. నా జీవితంలో నేను రాసిన అతి చిన్న వాక్యం. కంప్యూటర్ల కుర్రాడు అది టీ తాగేలోపు అయ్యే పని అన్నాడు. ఇన్నాళ్లూ ఎందుకు చెయ్యలేదంటే ఎవరూ అడగలేదన్నాడు.

వేదమూర్తి గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"దీనికి పేరేం పెట్టారు?"

"పేరు లేదండీ."

"పేరు లేనిదాన్ని ఎలా ప్రారంభిస్తామండీ?" అన్నారు. ఫైలు ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది.

ఈలోగా షెడ్లలో కబురు పాకింది. సోమవారాల్లో ఆడవాళ్లు వస్తున్నారు. వాళ్లు పింఛను అడగడం లేదు. మా ఆయన చేత నన్ను కార్డులోంచి తీయించండి బాబూ అని అడుగుతున్నారు. సుజాత ముందుగా వాళ్లకు చోటు చూస్తుంది. ఆడమనిషి, పిల్లలు ఇల్లు దాటి, నలుగురి మధ్య క్షేమంగా ఉన్నారని ఆమె చెప్పేదాకా నేను కదలను. మేం పెట్టుకున్న నియమం అదొక్కటే, దాన్ని ఎక్కడా రాసుకోలేదు.

ఆమె సరేనన్నాక నేను కళ్లద్దాలు తుడుచుకుని, కానిస్టేబుల్ని వెంటబెట్టుకుని, ఆ భర్త ఇంటికి వెళ్లి ఉత్తర్వు తీస్తాను. స్పష్టంగా, ఎక్కడా తొందరపడకుండా, విరామాలు పాటిస్తూ చదువుతాను.

ఇంతవరకు మూడో పేరా దాటి విన్న భర్త లేడు.